మాకంటే ముందు బయలుదేరిన సంచి

మా ఆయన దొరస్వామి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేశాడు. ఏయే ఊళ్ళలో కాపురం ఉన్నారని ఎవరైనా అడిగితే నాకు ఊరికంటే ముందు పక్కిల్లు గుర్తుకొస్తుంది. చిత్తూరు అంటే బెల్లం మండీ మునిరామయ్య వసారా. ఐరాల అంటే దేవకమ్మ మేకల కొట్టం. బంగారుపాళ్యం అంటే మామిడికాయల కుప్పయ్య తిన్నె. మేమున్న ఇళ్ళ గోడలకు ఏ రంగు ఉండేదో చెప్పలేను గానీ, ఆ పక్కిళ్ళలో మా ఆయన సంచి తగిలించిన మేకు ఎక్కడుండేదో ఇప్పుడు కళ్ళకు గంతలు కట్టి వదిలినా చూపించగలను.

దీనంతటికీ కారణం మా అత్త తిరుమలమ్మ. సోమవారం, శనివారం తూర్పుకు పోరాదు. మంగళ, బుధవారాలు ఉత్తరానికి, గురువారం దక్షిణానికి, శుక్ర, ఆదివారాలు పడమటికి పోరాదు. వారశూల అంటారు. మా వైపు అందరికీ తెలిసిన సంగతే. కాకపోతే తక్కినవాళ్ళు తెలుసుకుని మరిచిపోతారు, మా అత్త తెలుసుకుని కాపలా కాసేది. శూల ఉన్న రోజున తప్పనిసరిగా పోవలసి వస్తే దానికీ పెద్దలు ఒక దారి పెట్టారు. అదే పరస్థానం. ముందుగానే ఒక మంచిరోజు చూసి, పోవలసిన దిక్కులో ఉన్న పక్కింట్లో మన సంచి పెట్టి రావాలి. సంచి గడప దాటితే మనిషి బయలుదేరినట్టే లెక్క. ఆ తరువాత శూల ఉన్న రోజున పోయినా దోషం లేదు. అయితే ఒకసారి పెట్టిన సంచి మళ్ళీ ఇంటికి రాకూడదు. చేరవలసిన ఊరు చేరేదాకా దాని మూతి విప్పకూడదు. మూడు రాత్రులు దాటకముందే మనిషి కూడా దాని వెంట పోవాలి.

తన్నే ఎద్దు వెనక నిలబడి నవ్వుతూ సూది వేసే మనిషి మా ఆయన. శూల పేరు చెబితే మాత్రం ముఖం వాడిపోయేది. అందువల్ల ఒక మేలు జరిగింది. ఆయన జీవితంలో ఇరుగుపొరుగుతో పోట్లాడిన పాపాన పోలేదు. ఏ వారం ఏ దిక్కు ఇంటితో పని పడుతుందో ఎవరికి తెలుసు?

పోట్లాటలన్నీ నేనే పడ్డాను. ఐరాలలో మా కోళ్ళు దేవకమ్మ ఆరబెట్టిన వడియాలు తినేశాయి. మాటలు ఆగిపోయాయి. అంతలో ఆయనకు చిత్తూరులో ఏదో శిక్షణ, గురువారం రమ్మన్నారు. ఐరాలకు చిత్తూరు దక్షిణం. మాకు దక్షిణపు ఇల్లు దేవకమ్మదే. బుధవారం పొద్దున ఈయన సంచి చేతిలో పట్టుకుని ఆమె వాకిట్లో నిలబడ్డాడు.

"దేవకమ్మక్కా, మాటల్లేకపోతే లేకపాయె, ఈ సంచి ఒగటి పెట్టుకో."

"మాటల్లేని ఇంట్లో సంచెందుకప్పా?"

"సంచి మాట్లాడదు గదక్కా."

దేవకమ్మ నవ్వు ఆపుకోలేక సంచి తీసుకుంది. అయితే వడియాల కోపం ఇంకా కొంచెం మిగిలినట్టుంది, తీసుకుపోయి మేకల కొట్టంలో తగిలించింది. మేకలు సంచి మూతిలోంచి చొక్కా అంచు లాగి నమిలేశాయి. చేసేది లేక ఆయన శిక్షణ అయ్యేదాకా చొక్కా లోపలికి దోపుకుని తిరిగాడు. అక్కడి పెద్ద డాక్టరు ఈయనను అందరి ముందు నిలబెట్టి, "చూడండయ్యా, మనిషంటే ఇట్లా నీటుగా ఉండాలి" అన్నాడట. ఆ మాట ఇంటికొచ్చి దేవకమ్మకు చెబితే, "నా మేకలకు దండం పెట్టుకోమను" అంది. అట్లా మాటలు కలిశాయి.

మద్రాసు ఒకే ఒకసారి పోయాం, పెళ్ళయిన కొత్తలో, చిత్తూరు నుంచి. సముద్రం చూశామా అంటే చూశాం. కానీ నాకు బాగా గుర్తున్నవి చీమలు. సంచి మునిరామయ్య వసారాలో, బెల్లం అచ్చుల పక్కన రెండు రాత్రులు ఉంది. అక్కడి చీమలు కూడా మంచిరోజు చూసుకునే బయలుదేరినట్టున్నాయి. సముద్రపు ఒడ్డున ఆయన ఉతికిన చొక్కా తొడుక్కుని, అలలకేసి తిరిగి, రెండు చేతులూ ఎగరేసి గంతులు వేయడం మొదలుపెట్టాడు. ఉడికించిన శనగల సుండల్ అమ్మేవాడు తననే పిలుస్తున్నారనుకుని పరుగెత్తుకొచ్చాడు. పాపం, అంత దూరం ఇసుకలో వచ్చాడు గదా అని రెండు పొట్లాలు కొన్నాం.

ఇట్లా మా ఇద్దరి జీవితం ఆ సంచి వెనకాల నడుచుకుంటూ బంగారుపాళ్యం చేరింది.

బంగారుపాళ్యంలో మామిడిపండ్ల కాలం వస్తే ఊరు ఊరంతా తీపి వాసన, తీపితో పాటు ఈగలు. నీళ్ళకు వీధి చివరి దాకా బిందె మోసుకుని పోవాలి. దాన్నయినా సర్దుకోవచ్చు. చదవడానికి ఏమీ దొరకకపోవడమే నాకు కష్టంగా ఉండేది. అంగడి పొట్లాలు విప్పి ఆ కాగితాలు చదివేదాన్ని. మిరపకాయల పొట్లంలో ఒక కథ మొదలయ్యేది. దాని చివర చింతపండు పొట్లంలో దొరుకుతుందేమోనని అవసరం లేకపోయినా చింతపండు కొనేదాన్ని. ఎన్నో కథల్లో ఆడపిల్లలు బావి గట్టున నిలబడే ఉండిపోయారు, దూకారో లేదో నాకు తెలియలేదు. తిరుపతికి పోతే ఇంట్లోనే కొళాయి ఉంటుంది, నడిచిపోయేంత దూరంలో లైబ్రరీ ఉంటుంది అని నాకు ఆశ. నోరు తెరిచి అడగలేదు. అడగకపోయినా ఆయనకు తెలుసు. ఏటేటా తిరుపతికి బదిలీ అడుగుతూనే ఉన్నాడు.

డెబ్భై తొమ్మిదో సంవత్సరం మామిడిపండ్ల కాలంలో ఆర్డరు వచ్చింది. తిరుపతిలో పెద్ద ఆసుపత్రి. సోమవారం సాయంత్రం ఆఫీసు మూసేలోగా చేరాలి. చేరకపోతే ఆ చోటు జయరావు అనే ఇంకో కాంపౌండరుకు పోతుంది, ఆయన వదిలిన చోటు మాకు వస్తుంది. ఆయన ఉన్న ఊరు కుప్పం అవతల. బస్సు రోజుకొకసారి వచ్చేది, అదీ మనసుంటే. అక్కడ పొట్లం కట్టే అంగడి కూడా లేదని విన్నాను.

ఆర్డరు గురువారం చేతికి అందింది. ఆ సాయంత్రమే ఇక్కడి పని అప్పగించేశాడు. "ఇంకేమి, రేపే పోదాం" అన్నాను.

"శుక్రారం ఇంటి మనిషిని పంపిస్తే లక్ష్మి ఎంటబడి పోతాది" అంది అత్త.

"అయితే శనివారం."

"శనారం తూర్పు శూల. తిరపతి తూర్పు గాదా?"

"ఆదివారం?"

"ఆదారం అమాస. అమాస పూట గడప దాటేదుండాదా?"

"సోమవారం మాత్రం శూల కాదా అత్తా?"

"శూలే. అందుకే సంచి శుక్రారం పోతాది. సంచి లక్ష్మి గాదు గదా?"

శుక్రవారం పొద్దున ఆయన సంచి సర్దుకున్నాడు. తిరుపతి డాక్టరు గట్టి మనిషి, లుంగీతో వస్తే గేటు దగ్గరే నిలబెడతాడని పేరు. అందుకని ఉన్న ఒకే ఒక్క ప్యాంటు ఇస్త్రీ చేయించి, దాని జేబులో ఆర్డరు పెట్టి, సంచిలో పెట్టాడు. పైన చొక్కా. దాని పక్కన ఎద్దుల నోట్లో మందు పోసే వెదురు గొట్టం. ఏ ఊరు పోయినా ఆ గొట్టం ఆయనతో రావలసిందే, ఆసుపత్రి గొట్టాలను ఎద్దులు నమ్మవని ఆయన నమ్మకం. మూతికి జనపదారం కట్టి తూర్పింట్లో ఇచ్చి వచ్చాడు.

తూర్పిల్లు కుప్పయ్యది. మామిడితోటలు గుత్తకు పట్టి కాయలు లారీలకు ఎక్కించే మనిషి. కిందటేడు చెట్టు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే ఆయన భార్య నాగరత్నమ్మ కొండకు మొక్కుకుంది. కాలు అతుక్కుంది. ఆ మొక్కు తీర్చడానికి మెట్ల దారిన పోవాలని చూస్తున్నారు. ఆమె పుట్టిల్లు గుడియాత్తం దగ్గర, అరవ పద్ధతి. వాళ్ళకు అమావాస్య చాలా మంచిది. మా అత్త బయటికి అడుగు పెట్టవద్దన్న ఆదివారమే వాళ్ళు ఇంటికి తాళం వేసి బయలుదేరారు. "మీ సంచి తిన్నె మీద మేకుకుండాది, సోమారం పొద్దున నువ్వే తీసుకో కాంపౌండరన్నా" అని చెప్పి మరీ పోయారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో చిత్తూరు బట్టలంగళ్ళలో పెళ్ళిబట్టలు కొంటే పసుపుపచ్చ గుడ్డసంచి ఊరికే ఇచ్చేవాళ్ళు. మా జిల్లాలో పెళ్ళయిన ప్రతి ఇంట్లోనూ అదే సంచి. పరస్థానం సంచి నేల మీద పెట్టకూడదు. ముడుపు సంచి కూడా నేల మీద పెట్టకూడదు. కుప్పయ్య తిన్నె మీద ఉన్నదేమో ఒకటే మేకు.

సోమవారం కోడి కూసే వేళకు ఆయన మేకుకున్న సంచి తీసుకున్నాడు. ఇల్లు చూసుకోవచ్చని నేనూ వెంట పోయాను. ప్యాంటు సంచిలో ఉంది, సంచి విప్పరాదు కాబట్టి ఆయన లుంగీతోనే బస్సెక్కాడు. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా ఒళ్ళోని సంచిలో ఏదో దొర్లుతోంది.

"గొట్టం ఈ పొద్దు గుండ్రంగా దొర్లుతా ఉండాదే" అన్నాడు.

"గొట్టం గుండ్రంగా కాక పలకలుగా దొర్లుతుందా?" అన్నాను. నాకు కిటికీలోంచి బయటికి చూడాలని ఉంది.

తిరుపతిలో దిగేసరికి ఎండ బాగా ఎక్కింది. ఆసుపత్రి రెండు వీధుల అవతల. ఊరు చేరాం కాబట్టి ఇక సంచి విప్పవచ్చు. ఒక సత్రం వెనక కొళాయి దగ్గర బట్టలు మార్చుకోవడానికి పోయాడు. నేను గోడకు ఇవతల కాపలా ఉన్నాను.

"మే, వసంతా."

"ఏమి?"

"నా ప్యాంటు టెంకాయ అయిపోయినాది మే."

పోయి చూశాను. ఒక చేతిలో టెంకాయ, ఇంకో చేతిలో కర్పూరం పొట్లం పట్టుకుని నిలబడి ఉన్నాడు. సంచి అడుగున పసుపు గుడ్డలో ముడి వేసిన ముడుపు. నాగరత్నమ్మ దాన్ని కట్టి నాకు చూపించినదే. చూడగానే గుర్తుపట్టాను.

ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇంకొకరైతే తిట్టుకునేవాళ్ళు, పరుగులు పెట్టేవాళ్ళు. ఈయనకు వేరే సందేహం వచ్చింది.

"ఇప్పుడు నేను బయలుదేరినట్టా, బయలుదేరనట్టా?"

"సంచి నిన్ననే బయలుదేరింది గదా."

"బయలుదేరినాది. కానీ యాడికి? ఉద్యోగానికి గాదు మే, కొండకు. అట్లయితే నేనూ కొండకు పోతా ఉన్నట్టే గదా?"

"ఏమయా, ఆర్డరు ఎక్కడుంది?"

"ప్యాంటు జేబీలో."

"ప్యాంటు?"

"సంచిలో."

"సంచి?"

"కొండకు పోతా ఉండాది."

"మరింకేమి, పద."

జట్కా ఎక్కి అలిపిరి చేరాం. వాళ్ళు రాత్రి సత్రంలో పడుకుని, పొద్దున కపిలతీర్థంలో మునిగి మెట్లు ఎక్కుతారని మాకు తెలుసు. పైగా నాగరత్నమ్మ ప్రతి మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెడతానని మొక్కుకుంది కాబట్టి అంత తొందరగా పోలేరు. తడి పసుపు వెంట పోతే మనిషి దొరుకుతుంది అనుకున్నాం. తీరా చూస్తే ఆ రోజు సగం జిల్లా పసుపు రాస్తోంది. ఒక పసుపు జాడ పట్టుకుని పోతే శ్రీకాళహస్తి ముసలమ్మ దొరికింది. ఇంకొకటి పట్టుకుంటే ఎవరో అరవవాళ్ళు.

ముడుపు సంచి కాబట్టి ఆయన దాన్ని చేత్తో పట్టుకోవడానికి భయపడి నెత్తిన పెట్టుకున్నాడు. లుంగీ ఎగదోపి మెట్లు రెండేసి ఎక్కుతూ, ఊపిరి అందినప్పుడల్లా "నాగరత్నమ్మా!" అని అరుస్తున్నాడు. మెట్లెక్కేవాళ్ళందరూ గోవిందా గోవిందా అంటూ ఉంటే మధ్యలో ఈ కేక. నెత్తిన పసుపు సంచి, కళ్ళలో నీళ్ళు (చెమట), నోట ఒకే నామం. జనం దారి వదిలారు. ఒకామె ఆయన కాళ్ళకు దండం పెట్టింది. వెనక వచ్చే గుంపులో ఎవరో, ఇదేదో అమ్మవారి పేరు, మనకు తెలియనిదని అనుకుని, "నాగరత్నమ్మా!" అని అందుకున్నారు. "గోవిందా!" అని తక్కినవాళ్ళు. కాసేపటికి మా ముందూ వెనకా కొండ కొండంతా నాగరత్నమ్మ పేరు మోగిపోయింది.

పై మలుపు నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఎవురప్పా నా పేరు పెట్టి గోవిందలు కొట్టేది?"

నాగరత్నమ్మ మెట్టు మీద వంగి కుంకుమ పెడుతోంది. సంచి సంకకు తగిలించుకుని ఉంది. పక్కన కుప్పయ్య పసుపు గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అక్కా! నువ్వు మోసేది నా సంచి. నేను మోసేది నీ సంచి" అన్నాడు మా ఆయన మెట్టు మీద కూలబడి.

"పో అన్నా. ఎండ తగిలినాది నీకు. ఇది నా ముడుపు. నా చేత్తోనే మేకుకు తగిలించినా, నా చేత్తోనే తీసినా."

"విప్పి సూస్తే పోలా?" అన్నాడు కుప్పయ్య.

"హుండీ ముందర తప్ప విప్పేది లేదని మొక్కినా."

"విప్పొద్దులే అక్కా. పైన తడిమి సూడు. పొడుగ్గా గొట్టం తగల్తాదా లేదా?"

ఆమె తడిమింది. ముఖం కొంచెం కొంచెంగా మారింది.

"ఇదేందన్నా?"

"ఎద్దులకు మందు తాపే గొట్టం."

అప్పటిదాకా ముడుపు సంచి అని దాన్ని తాకి కళ్ళకద్దుకున్న ఆడవాళ్ళు చుట్టూ అరడజను మంది ఉన్నారు. అందరూ పైటకొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. ఒక ముసలవ్వ మాత్రం, "ఎద్దంటే నందే గదమ్మా, తప్పేముండాది" అంది. "నంది శివుడిది గదవ్వా, ఇది పెరుమాళ్ళ కొండ" అంది ఇంకొకామె. "వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటారులే" అంది అవ్వ.

సంచులు మారాయి. తన సంచి మూతి విప్పి ఉండడం చూసి నాగరత్నమ్మ గుండె బాదుకుంది.

"ముడుపు విప్పినావా అన్నా!"

"సంచి విప్పినా గానీ ముడుపు విప్పలేదక్కా. సామి సాచ్చి."

"ఇన్ని మెట్లకు పసుపు రాస్తినే, నా ముడుపు ఒక మెట్టు గూడా ఎక్కలేదే!"

కుప్పయ్య గిన్నె కింద పెట్టాడు. "ఎక్కకుండా ఈడికెట్లొచ్చినాది మే? నువ్వు సంకన పెట్టుకోని మోస్తివి. కాంపౌండరు నెత్తిన పెట్టుకోని మోసినాడు. ఏది మర్యాద?"

ఆమె సంచి మూతి మళ్ళీ గట్టిగా కట్టుకుంది.

మా ఆయన ఒక బండ చాటుకు పోయి ప్యాంటు, చొక్కా వేసుకుని వచ్చాడు. జేబు తడిమి చూసుకున్నాడు, ఆర్డరు ఉంది. ఎండ నడినెత్తిన ఉంది. గబగబా దిగితే ఆఫీసు మూసేలోగా చేరవచ్చు. "పోయొస్తామన్నా" అని కుప్పయ్యకు చెప్పి ఒక మెట్టు దిగాడు. దిగి ఆగిపోయాడు.

"కొండకు కాలు పెట్టి సామిని సూడకుండా దిగేది యాడన్నా ఉండాదా అన్నా?" అంది నాగరత్నమ్మ, నెమ్మదిగానే.

లేదు. మా వైపు ఎవరూ ఆ పని చేయరు. సోమవారం తూర్పుకు పోవడానికి శుక్రవారం నుంచి ఏర్పాట్లు చేసుకునే మనిషి అసలే చేయడు. ఆయన పైకి చూశాడు, కిందికి చూశాడు, దిగిన మెట్టు మీదే కూర్చున్నాడు.

"పైన జనం ఎట్లుండారు కుప్పయ్యన్నా?"

"తెల్లారేలోపల సామి కనబడితే అదృష్టమంటా ఉండారు."

అంటే పైకి పోతే ఆఫీసు లేదు. కింద తిరుపతి అంతా కనిపిస్తోంది. మిద్దెలు, గోపురం, రైలు పొగ. అంత దగ్గరగా ఉంది. ఆయన వీపు చూస్తూ నేను కుప్పం అవతలి ఊరికి బిందెలు ఎట్లా సర్దుకోవాలా అని ఆలోచించడం మొదలుపెట్టాను. గట్టిగా అడిగితే దిగుతాడు. దిగితే ఆ తరువాత ఇంట్లో ఎవరికి తుమ్ము వచ్చినా ఇదే కారణమని మనసులో కుములుతాడు. అది నాకు ఇష్టం లేదు.

"వసంతా. నీకు తిరపతి కావాల గదా?"

"కావాల" అన్నాను. ఆ మాట మొదటిసారి నోటితో చెప్పడం అదే.

ఆయన తన సంచిలోకి చూశాడు. అందులో లుంగీ, గొట్టం ఉన్నాయి. చాలాసేపు చూసి, లేచి, సంచిని రెండు చేతులతో నాకు ఇచ్చాడు.

"ఇది నేను. పట్టుకో."

"ఏమి?"

"సంచి పోతే మనిషి పోయినట్టే గదా? సంచి పైకి పోతాది. నేను ఉద్యోగానికి పోతా. అప్పుడు నేను మధ్యలో దిగినట్టు కాదు."

"ఇట్ల గూడా ఉండాదా అన్నా శాస్త్రం?" అంది నాగరత్నమ్మ.

"మా అమ్మ బంగారుపాళ్యంలో ఉండాదక్కా. ఇప్పుడీడ శాస్త్రం నేనే." నాలుగు మెట్లు దిగి మళ్ళీ వెనక్కి తిరిగాడు. "మే, రేపు మంగళారం, ఎల్లుండి బుధారం, ఉత్తరం శూల, తిరపతికి కొండ ఉత్తరం గదా. నాకిక దినం లేదు. ఈ పొద్దే బస్సులో పైకొస్తా. నేనొచ్చేదాకా నన్ను లోపలికి తీసకపోవద్దు!"

ఎక్కేవాళ్ళకు అడ్డం పడుతూ పరుగు తీశాడు. పొద్దున ఆయన కాళ్ళకు దండం పెట్టినామె ఇంకా ఎక్కుతూ ఎదురైంది. ప్యాంటు వేసుకుని కిందికి దూకుతున్న మనిషిని గుర్తుపట్టక, "భక్తి లేని జనం" అంది.

నేను మా ఆయనను సంకన పెట్టుకుని మెట్లెక్కాను.

"బరువుండాడా మొగుడు?" అంది నాగరత్నమ్మ.

"పొద్దున్నుంచి తిండి లేదు గదక్కా, తేలిగ్గానే ఉన్నాడు."

"గొంతులో గొట్టం అడ్డం పడినట్టుండాది, సరిగ్గా పెట్టు మే."

మోకాళ్ళ పర్వతం దగ్గర నవ్వలేక, ఎక్కలేక కూర్చుండిపోయాం. ఇద్దరమూ సంచికి నీడ పడేట్టు కూర్చున్నాం. అదెందుకో ఇద్దరికీ తెలియదు.

పైకి చేరేసరికి పొద్దు వాలింది. కుప్పయ్య గుండు చేయించుకోవడానికి పోయాడు. నేను బస్సులు ఆగేచోట నిలబడ్డాను. బస్సు తరువాత బస్సు వచ్చింది. గుండు కాబోయేవాళ్ళు దిగారు, గుండయినవాళ్ళు ఎక్కారు. దీపాలు పెట్టే వేళకు ఒక బస్సు మెట్టు మీద ఇస్త్రీ నలిగిన ప్యాంటు కనిపించింది. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు.

"చేరినావా?"

"సంచి బాగుండాదా?"

"సంచి సంగతి సరే. చేరినావా లేదా?"

"మంచినీళ్ళియ్యి ముందు."

తాగాడు. మూతి తుడుచుకున్నాడు. "నేను పోయేటప్పటికి జయరావు బెంచీ మీద కూర్చోని గడియారం సూస్తా ఉండాడు. డాక్టరు నా ప్యాంటు సూసి, 'ఏమయ్యా, మోకాళ్ళ దాకా ఈ పసుపేంది?' అన్నాడు. కొండ మెట్ల మీద నుంచి వస్తా ఉండా సార్ అన్నా. అంతే, లేచి నిలబడినాడు మే! గట్టి మనిషంటిరే, నా చేతులు పట్టుకోని కళ్ళకద్దుకున్నాడు. 'దర్శనం బాగా అయిందా' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"అబద్ధమెందుకు? మావాళ్ళు లైన్లో ఉండారు సార్ అన్నా. సంతకం పెట్టించుకున్నాడు. జయరావు గూడా దండం పెట్టి, ప్రసాదం తెస్తే తనకొక తుంట పెట్టమన్నాడు."

నేను అక్కడే, బస్సులు తిరిగే చోట, సంచి పట్టుకుని కూర్చున్నాను. ఏడుపు వచ్చింది. "దేనికి మే? చేరినా అంటా ఉంటే" అన్నాడు.

"రేపు తొమ్మిదికి ఒంగోలు ఎద్దుకు మందు తాపాలంట. గొట్టం భద్రమే గదా?" అని కూడా అడిగాడు.

ఆ రాత్రికి క్యూలో నిలబడ్డాం. మధ్యలో గుడి కాపలాదారు ఒకాయన సంచి తడిమి, ఇదేమిటన్నాడు. గొట్టమన్నాం. ఎందుకన్నాడు. ఎద్దులకన్నాం. ఆయన మా ముగ్గురినీ, గుండుతో ఉన్న కుప్పయ్యనూ మార్చి మార్చి చూసి, మాటలు పెంచుకోవడం ఎందుకన్నట్టు పొమ్మన్నాడు. లోపల తోపులాట తెలిసిందే. స్వామి ముందు నిలబడేది రెప్పపాటు. ఆ రెప్పపాటులో మా ఆయన సంచిని రెండు చేతులా తలపైకి ఎత్తి, దాని ముఖం గర్భగుడికి తిరిగేటట్టు పట్టుకున్నాడు. ఎవరో భుజం పట్టి నెట్టేశారు. నాగరత్నమ్మ ముడుపు హుండీలో వేసి కళ్ళు మూసుకుంది.

బయటికి వచ్చాక అడిగాను. "స్వామిని చూశావా?"

"యాడ మే. సంచి ఎత్తి పట్టుకొనేదానికే సరిపాయె. అది సూసినాది గదా, సాలు."

మర్నాడు మొదటి బస్సులో కొండ దిగాం. ఆయన చెప్పులు విప్పి పాదాలు ముందు సీటు కిందికి చాపాడు. రెండూ వాచిపోయి ఉన్నాయి.

"సూడు" అన్నాడు, ఎంతో తృప్తిగా. "సోమారం పూట తూర్పుకు పోతే ఏమయితాదో సూడు. ప్యాంటు పోయినాది, కొండ సగం ఎక్కి దిగి మళ్ళీ పైకి రావాల్సొచ్చినాది, కాళ్ళు గుమ్మడికాయలయినాయి. శూల ఉత్తదంటారే ఈ కాలం జనం! అమ్మతో చెప్పాల ఇది."

చెప్పి, సంచి ఒళ్ళో పెట్టుకుని, నా భుజం మీదికి ఒరిగి నిద్రపోయాడు. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా కింద ఊరు పెద్దదవుతోంది, వీధులు విడివిడిగా కనిపిస్తున్నాయి. ఏ వీధిలో ఇల్లు అడుగుదామా అని ఒక్కొక్కటే చూసుకుంటూ కూర్చున్నాను.